ప్యాకేజీ రేటు వచ్చాక ఖర్చు ఎటు పోయింది?

తిరుపతిలో పెద్ద జబ్బు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఆరోగ్యశ్రీ కన్నా పాతది. రుయా ఆసుపత్రి సర్కారుది, బర్డ్ ఆసుపత్రి, 1993లో మొదలైన స్విమ్స్ ఆసుపత్రి దేవస్థానం చలవ. దేవస్థానం ప్రాణదానం పథకం కింద గుండె, కిడ్నీ చికిత్సలకు పేదలకు సాయం అందేది. చిత్తూరు వైపు వాళ్లు అప్పు చేసైనా వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోయేవాళ్లు. మిగిలిన దారి ముఖ్యమంత్రి సహాయ నిధి. ఎస్టిమేట్ తెచ్చుకుని, ఎమ్మెల్యే లెటర్ పట్టుకుని తిరగ్గలిగినవాడిదే అదృష్టం.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. చిత్తూరుకు అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. అందరూ బీమా గురించే మాట్లాడారు గానీ, అసలు మార్పు ప్యాకేజీ. బెడ్డు, పరీక్షలు, ఆపరేషన్, భోజనం, ఇంటికి బస్సు చార్జీ, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు, అన్నీ కలిపి ఒకే రేటు.

ఈ లెక్క అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అక్కడి పరిశోధకులు ఫెట్టర్, థాంప్సన్ రోగులను జబ్బును, ఖర్చును బట్టి గుంపులుగా విడదీశారు. 1983 నుంచి అక్కడి వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఆ గుంపుల ప్రకారమే చెల్లించసాగింది. ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. రేటు ముందే కట్టేస్తే ఆసుపత్రికి మిగులు రెండు చోట్లే: రోగిని త్వరగా పంపడం, కేసులు పెంచడం. రెండోదాని రుచి మనకు గర్భసంచి ఆపరేషన్లలో తెలిసింది. చివరికి వాటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ఊరూరికీ ఆపరేషన్ల సంఖ్య మారితే కారణం జబ్బు కాదు, డాక్టర్ల అలవాటు అని అమెరికా డాక్టరు వెన్‌బర్గ్ 1973లోనే వెర్మాంట్ రాష్ట్రం లెక్కలతో చూపించాడు.

ఫైలు నడక చూడండి. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర, రోగి కార్డు, ఆధార్ చూసి నమోదు చేస్తారు. రిపోర్టులు, ఫొటో ప్రీ-ఆథరైజేషన్‌కు, అంటే చికిత్సకు ముందస్తు అనుమతికి వెళ్తాయి. కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే అక్కడే ఆగుతుంది. నిబంధన ప్రకారం పరీక్షలూ ఉచితమే. కానీ యాంజియోగ్రామ్‌లో ఆపరేషన్ అక్కర్లేదని తేలితే ప్యాకేజీ లేదు, ఆసుపత్రికి పైసా రాదు. కౌంటర్లో ముందే డబ్బు కట్టమనేది అందుకే. ఇది రేటు కట్టినవాళ్లు వదిలేసిన కంత.

తర్వాత పరిమితి రెండున్నర లక్షలైంది, 5 లక్షలైంది, 2023 డిసెంబరులో 25 లక్షలకు చేరింది. జాబితా 3,257 చికిత్సలకు పెరిగింది. పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ.

ఓపీ మందులు, అంటే ఆసుపత్రిలో చేరకుండా వాడేవి, మాత్రం చాలావరకు పథకం బయటే ఉండిపోయాయి. అమెరికాలో 1974-82 మధ్య ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన ఆరోగ్య బీమా ప్రయోగంలో, జేబులోంచి కట్టమంటే జనం అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదీ మానేశారు. వైద్యం ఉచితంగా దొరికిన పేదల్లో బీపీ మెరుగ్గా అదుపులోకి వచ్చింది. ఇక్కడ పీహెచ్‌సీలో స్టాకు ఉన్నన్నాళ్లు బీపీ, షుగరు మాత్రలు ఉచితం, లేనప్పుడు మెడికల్ షాపే గతి. పూట గడవని ఇంట్లో మొదట ఆగేవి ఆ మాత్రలే. కిడ్నీ పోయి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వచ్చే రోజున మాత్రం కార్డు పనిచేస్తుంది.