మొదటి మూడు గంటలు: పిల్లలు కనబడని కేసుల్లో పోలీసు స్పందన ఎలా మారుతూ వచ్చింది

తిరుపతి బస్టాండులో బయలుదేరిన బస్సు మూడు నాలుగు గంటల్లో చెన్నై చేరుతుంది. చిత్తూరులో రైలెక్కినవారు కాసేపటికే కాట్పాడిలో, అంటే మరో రాష్ట్రంలో, మరో భాష మాట్లాడే పోలీసుల పరిధిలో ఉంటారు. అందువల్ల ఈ ప్రాంతంలో బిడ్డ కనబడడం లేదంటూ ఒక తల్లి స్టేషన్ మెట్లెక్కినప్పుడు, ఆమె ఫిర్యాదు రాసుకోవడానికి పట్టే ప్రతి అరగంటకూ వెతకవలసిన ప్రాంతం ఎన్నో మైళ్లు పెరిగిపోతుంది. అయినా దశాబ్దాల పాటు మన స్టేషన్లలో తల్లిదండ్రులకు మొదట వినిపించిన మాట ఒకటే: బంధువుల ఇళ్లలో వెతకండి, రేపటిదాకా చూసి రండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న ఆ నియమం ఏ చట్టంలోనూ లేదు. లేని నియమం అంతగా ఎలా పాతుకుపోయిందో, దాన్ని తొలగించడానికి ఎన్ని ఏళ్లు పట్టిందో తెలుసుకుంటేనే నేటి పరిస్థితి అర్థమవుతుంది.

పాత నేర విచారణ చట్టం ప్రకారం పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండానే దర్యాప్తు చేయగల నేరానికే, అంటే కాగ్నిజబుల్ నేరానికే, ఎఫ్ఐఆర్ కట్టేవారు. అపహరణ అలాంటి నేరమే; భారత శిక్షాస్మృతి 363వ సెక్షన్ కింద దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉండేది. అయితే ఒక మనిషి కనబడకుండా పోవడం దానికదిగా నేరం కాదు. ఎవరో ఎత్తుకెళ్లారని తల్లిదండ్రులు చెప్పగలిగితేనే అది అపహరణ అవుతుంది. చూసినవారు లేకపోతే అది వట్టి మిస్సింగ్. ఆ ఒక్క మాటతో విషయం స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో ఒక పద్దుగా మారి అక్కడే ఆగిపోయేది. ఎఫ్ఐఆర్ లేనిచోట దర్యాప్తు అధికారి ఉండడు, కేసు డైరీ ఉండదు, ఏం చేశారని అడిగే మేజిస్ట్రేటూ ఉండడు. పిల్లలను ఎత్తుకెళ్లేవారు సాక్షుల ముందు ఎత్తుకెళ్లరన్న సాదా విషయాన్ని ఈ పద్ధతి పూర్తిగా విస్మరించింది.

దీనిపై సుప్రీంకోర్టు తొలి గట్టి ఆదేశాలు 2002 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడే, హోరీలాల్ కేసులో వచ్చాయి. తప్పిపోయిన బాలికల ఫోటోలను వారం దాటకుండా పత్రికల్లో, టీవీలో ప్రచురించాలని, ఇరుగుపొరుగునూ బడినీ వెంటనే విచారించాలని కోర్టు చెప్పింది. ఆచరణ మాత్రం అంతంత మాత్రంగానే సాగింది. 2006 డిసెంబరులో నోయిడా దగ్గరి నిఠారీలో ఒక ఇంటి వెనుక కాలువలో పిల్లల ఎముకలు బయటపడినప్పుడు, ఆ పిల్లల తల్లిదండ్రులు చాలాకాలంగా పోలీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారని దేశానికి తెలిసింది. వారంతా దాదాపు కూలి పనులూ ఇంటి పనులూ చేసుకునే పేదలు. పోలీసుల నిర్లక్ష్యానికి పేదరికంతో ఉన్న ఈ సంబంధాన్ని దాచి ఈ చరిత్ర చెప్పడం కుదరదు. మరుసటి ఏడాదే జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ సమస్యపై ఒక కమిటీ నివేదిక ఇచ్చింది.

అసలు మలుపు 2013లో వచ్చింది. బచపన్ బచావో ఆందోళన్ అనే బాలల హక్కుల సంస్థ వేసిన వ్యాజ్యంలో మే 10న సుప్రీంకోర్టు, పద్దెనిమిదేళ్లలోపు వారు ఎవరు కనబడకపోయినా ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని, వేరేవిధంగా తేలేవరకు దాన్ని అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి దర్యాప్తు మొదలుపెట్టాలని ఆదేశించింది. అంతవరకు ఎత్తుకెళ్లారని నిరూపించవలసిన భారం తల్లిదండ్రుల మీద ఉండేది. ఈ ఉత్తర్వుతో ఎత్తుకెళ్లలేదని తేల్చవలసిన బాధ్యత పోలీసుల మీదకు మారింది. అదే ఏడాది నవంబరు 12న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం లలితా కుమారి కేసులో, కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు తెలిపే ఏ ఫిర్యాదుకైనా ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని తేల్చింది. ఆ వ్యాజ్యం కూడా మైనర్ బాలికను ఎత్తుకెళ్లారంటూ ఆమె తండ్రి ఇచ్చిన ఫిర్యాదును పట్టించుకోకపోవడం వల్ల వచ్చిందే. నేడు దేశంలో ఎవరు ఏ ఫిర్యాదు చేసినా చూపించే ఈ తీర్పు వెనుక ఒక ఆడపిల్ల కోసం వెతికిన తండ్రి ఉన్నాడని చాలామందికి తెలియదు.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్సై హోదాకు తగ్గని ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలంది. దొరికిన బిడ్డను, ప్రయాణ సమయం మినహాయించి, ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలని, నాలుగు నెలలైనా ఆచూకీ తెలియని కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలని నిబంధనలు వచ్చాయి. మా పరిధి కాదన్న మాటకు జవాబుగా, ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ వచ్చింది. 2019 డిసెంబరులో మన రాష్ట్రంలో తొలి జీరో ఎఫ్ఐఆర్ కృష్ణా జిల్లా కంచికచర్లలో నమోదైనప్పుడు, ఆ ఫిర్యాదు ఒక బాలుడు కనబడడం లేదన్నదే. పాత నేర విచారణ చట్టం స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఆ పద్ధతికి చట్టంలోనే చోటు దొరికింది.

గంటల లెక్క ఎందుకంత ముఖ్యమో చెప్పే అధ్యయనం అమెరికాది. అపహరించి చంపిన పిల్లల కేసులను వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం పరిశీలించినప్పుడు, వారిలో 76 శాతం మంది ప్రాణాలు మొదటి మూడు గంటల్లోనే పోయాయని తేలింది. ఇవి అరుదైన, అత్యంత ఘోరమైన కేసులన్నది మరవకూడదు. కనబడకుండా పోయినవారిలో ఎక్కువమంది తిరిగి వస్తారు. కానీ ఏ బిడ్డ ఏ కోవలోనిదో మొదటి గంటలో ఎవరూ చెప్పలేరు. ఆ దేశంలో ఫిర్యాదు తీసుకునే ముందు వేచి ఉండే పద్ధతిని 1990లోనే చట్టం నిషేధించింది. 1996లో టెక్సాస్‌లో ఆంబర్ అనే తొమ్మిదేళ్ల పాప హత్య తర్వాత ఆమె పేరుతోనే రేడియో, టీవీల ద్వారా ప్రజలందరినీ ఒకేసారి అప్రమత్తం చేసే ఏర్పాటు మొదలైంది.

అలాంటి ఏర్పాటు చిన్న రూపంలో తిరుమలలో ఉంది. కొండమీద ఒక రాత్రి గడిపినవారెవరికైనా మైకులో తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో వరుసగా వినిపించే ఆ ప్రకటనలు గుర్తుంటాయి: ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానా బాబు తప్పిపోయాడు, తల్లిదండ్రులు ఎక్కడున్నా రావాలి. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ నాడు, ఫోన్ నంబరు రాసిన ట్యాగులను పోలీసులు పిల్లల చేతులకు కడుతున్నారు. తప్పిపోయిన పిల్లల విషయంలో ఇవి చక్కగా పనిచేస్తాయి. ఎత్తుకెళ్లినవారి విషయం వేరు, ఎందుకంటే వారు కొండ దిగిపోతారు. 2017లో తిరుమలలో మాయమైన పసివాడు తమిళనాడులో, 2018 చివర పోయిన బిడ్డ మహారాష్ట్రలో, 2021లో అలిపిరి దగ్గర కనబడకుండా పోయిన బాలుడు విజయవాడలో దొరికారు. సీసీ కెమెరాల్లో కనబడిన మనుషుల బొమ్మలు బయటి జిల్లాలకు, పక్క రాష్ట్రాలకు చేరడం ఇలాంటి కేసుల్లో ఎంతో మేలు చేసింది. ఆ బొమ్మలను రోజుల్లో కాక గంటల్లో పంపడం ఎలా అన్నదే మిగిలిన ప్రశ్న.

ఇక్కడికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తల్లిదండ్రుల ఫోనులోని ఫోటోలో బిడ్డకు ఒత్తయిన జుట్టు ఉంటుంది, కానీ కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చిన ఆ బిడ్డ ఇప్పుడు గుండుతో, తలకు గంధంతో, చుట్టూ ఉన్న వందలాది పిల్లల్లాగే కనబడతాడు. పాత ఫోటోను అలాగే వాట్సాప్ గ్రూపుల్లో పంపితే చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ ఆ బిడ్డను చూసి కూడా గుర్తుపట్టలేడు. గుండు చేయించారా, ఏ చొక్కా వేశారు, ఏ భాష మాట్లాడతాడు అన్నవి ఫిర్యాదు రాసుకునే రైటర్ మొట్టమొదట అడగవలసిన ప్రశ్నలు. ఛత్తీస్‌గఢ్ నుంచో మహారాష్ట్ర నుంచో వచ్చిన తల్లి భయంతో చెప్పే మాటలను తెలుగులోకి మార్చగలవారు ఆ పూట స్టేషన్‌లో ఉండడం కూడా దర్యాప్తులో భాగమే.

యాత్రాస్థలాల నుంచి ఎత్తుకెళ్లిన పసివాళ్ల వార్తలు పత్రికల్లో పెద్దగా వస్తాయి గాని, అంకెలు మరో కథ చెబుతాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 83,350 మంది పిల్లలు కనబడకుండా పోగా, వారిలో 62,946 మంది బాలికలు. నలుగురిలో ముగ్గురు ఆడపిల్లలే అన్నమాట. పదిహేను పదహారేళ్ల అమ్మాయి విషయంలో పాత అలవాటు ఇంకా బలంగా ఉంది: ప్రేమ వ్యవహారమై ఉంటుందిలే, రెండు రోజుల్లో అదే వస్తుంది. ఆ మాట అనే అధికారి చట్టప్రకారం ఆమె బిడ్డేనని, ఇష్టపడి వెళ్లిందనుకున్నా ఆమెను అమ్మేసే ప్రమాదం తగ్గదని మరచిపోతున్నాడు. పరువు పోతుందని ఫిర్యాదుకే వెనకాడే కుటుంబాల వల్ల ఆ రెండు రోజులూ నాలుగవుతాయి.

2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయింది. కాణిపాకం చిత్తూరు జిల్లాలో, పాకాల జంక్షన్ తిరుపతి జిల్లాలో, కాట్పాడి తమిళనాడులోని వేలూరు జిల్లాలో ఉన్నాయి. రైలు పెట్టెలో జరిగే నేరం రైల్వే పోలీసులది, ప్లాట్‌ఫారం మీద కాపలా రైల్వే రక్షణ దళం ఆర్‌పీఎఫ్‌ది. ఆ ఆర్‌పీఎఫ్ నన్హే ఫరిష్తే కార్యక్రమం కింద 2018 నుంచి ఏడేళ్లలో దేశమంతటా 84 వేలకు పైగా పిల్లలను కాపాడింది. ఎఫ్ఐఆర్ కట్టాలన్న పోరాటం న్యాయస్థానాల్లో గెలిచాం. కాణిపాకంలో సాయంత్రం ఐదింటికి మాయమైన బిడ్డ ఆనవాళ్లు ఆరింటికల్లా పాకాలలోనూ కాట్పాడి ప్లాట్‌ఫారం మీదా ఉన్న కానిస్టేబుళ్ల ఫోన్లలో ఉండాలంటే, ఈ వ్యవస్థలన్నిటిలో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఏ నంబరుకు చేయాలో ముందుగానే రాసి ప్రతి స్టేషన్ గోడకూ అంటించి ఉండాలి.