ఒడ్డెక్కే ఓడలు: అపోహలు - వాస్తవాలు

నేవీలో పదిహేనేళ్లు చేసి తిరుపతిలో స్థిరపడ్డాను. అందులో ఎక్కువ కాలం ల్యాండింగ్ షిప్ మీదే, అంటే నేరుగా ఒడ్డెక్కి బండ్లను దించే ఓడ. అగ్నివీర్‌కి ప్రిపేరయ్యే మన పిల్లలు కలిసినప్పుడల్లా అవే మాటలంటారు, అందుకే రాస్తున్నా.

అపోహ: ట్యాంక్ ల్యాండింగ్ షిప్ అంటే నీళ్లో, ఆయిలో మోసే ఓడ.
కాదు నాయనా, మోసేది యుద్ధ ట్యాంకుల్ని.

అపోహ: ఓడ అడుగు ఇసుకకు తగిలితే ప్రమాదం జరిగినట్టే.
వేరే ఓడలకు నిజమే, దీనికి మాత్రం అదే పని. దాన్నే బీచింగ్ అంటాం. ముందువైపు బల్లాస్ట్ ట్యాంకుల్లో (ఓడ బరువు సర్దడానికి నీళ్లు నింపే తొట్లు) నీళ్లు తోడేస్తే ముక్కు తేలికై పైకి లేస్తుంది, ఒడ్డుకి కొంత దూరంలో ఉండగానే వెనక లంగరు వదిలేసి, దాని తాడు వదులుతూ మెల్లగా ఇసుక మీదికి ఎక్కిస్తాం. ర్యాంప్ దించితే బండ్లు వాటంతటవే దిగిపోతాయి. తిరిగి రావాలంటే ఆ లంగరే ఆధారం, తాడు లాగుతూ ఇంజిన్లు రివర్స్‌లో నడపాలి. ఇక్కడ అసలు టెన్షన్ ఆటుపోట్లది. నీళ్లు వెనక్కి తగ్గేటప్పుడు ఎక్కువసేపు ఆగితే మళ్లీ పోటు వచ్చేదాకా కదల్లేం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో మిత్రపక్షాలవాళ్లు ఈ ఓడల్ని కావాలనే అలా ఇసుక మీద కూర్చోబెట్టి, సరుకంతా దించి, తర్వాతి పోటుకి తేలి వెళ్లారు. వెళ్లేటప్పుడు గాయపడినవాళ్లను ఎక్కించుకున్నారు.

అపోహ: యుద్ధం లేకపోతే వీటికి పనేముంది?
ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. మన నేవీ ల్యాండింగ్ షిప్ ఐఎన్ఎస్ మగర్ చరిత్రే చూడండి. మగర్ అంటే మొసలి, నీళ్లలోనూ ఒడ్డునా బతికేది, ఇంతకంటే సరైన పేరు లేదు. కోల్‌కతాలో కట్టారు, 1987లో నేవీలో చేరింది. 2004 సునామీలో 1300 మందికి పైగా బాధితులను సురక్షితంగా చేర్చింది. 2018లో ట్రైనింగ్ షిప్ అయింది, ఇక ఈ వయసులో దూరాలు తిరగదులే అనుకుంటాం కదా, 2020 మేలో కోవిడ్ వల్ల మాల్దీవుల్లో ఇరుక్కుపోయిన 202 మందిని కొచ్చికి తీసుకొచ్చింది. 2023 మే 6న అదే కొచ్చిలో డీకమిషన్ చేశారు, అంటే సర్వీసు నుంచి తప్పించారు. దాదాపు 36 ఏళ్ల సర్వీసులో ఎంతమందిని ఇంటికి చేర్చిందో, నేను ముందు చూసేది అదే.

అపోహ: అంత పెద్ద ఓడ ఊగదు.
ఒడ్డెక్కాలి కాబట్టి అడుగు చదునుగా ఉంటుంది, లోతుగా మునగదు. అందుకే అలలకు బాగా పక్కలకు ఒరుగుతుంది. వాంతులు చాలామందికి అవుతాయి, సిగ్గుపడొద్దు. ఖాళీ కడుపుతో మాత్రం డ్యూటీకి వెళ్లొద్దు, రెండు ముద్దలైనా తినండి.