కొండ నడకకు ముందు మోకాళ్ళకు సాధన

అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2388. అలిపిరి దారి మొదట్లో ఉన్న తలయేరుగుండు అనే బండకు మోకాళ్ళు ఆనిస్తే నొప్పులు రావని భక్తుల నమ్మకం. ఆనించండి. కాకపోతే నెలన్నర ముందు నుంచే తొడలకూ పని చెప్పండి.

మెట్లెక్కేటప్పుడు మోకాలి కీలు మీద శరీర బరువుకు మూడు రెట్ల దాకా భారం పడుతుంది. దిగేటప్పుడు ఇంకాస్త ఎక్కువే. 70 కిలోల మనిషికి ఇది రెండు క్వింటాళ్ళ పైమాట. దిగుతున్నప్పుడు ఒళ్ళు ఒక్కసారిగా కిందికి పడకుండా ఆపేది తొడ ముందు కండరం. అది సాగుతూనే బిగబట్టాలి. అలవాటు లేని కండరానికి ఈ పనే కష్టం. అలిపిరి దారిలో బాగా నిటారుగా ఉండే మోకాళ్ళ పర్వతం ఎక్కినప్పుడు ఆయాసం తప్ప ఏమీ తెలియనివాళ్ళు కూడా, నడిచే దిగితే మర్నాడు కుర్చీలోంచి లేవడానికి మూలుగుతారు.

గుజ్జు అరిగిపోతుందని నడకే మానేసేవాళ్ళున్నారు. ఆ గుజ్జుకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు లేవు. దానికి పోషణ కీలులోని ద్రవం నుంచే అందాలి. కాలు కదులుతూ, బరువు పడుతూ వదులుతూ ఉంటేనే అది బాగా అందుతుంది.

సాధనకు ఇంటి ముందున్న ఒక్క మెట్టు చాలు. ఎత్తు నాలుగంగుళాలతో మొదలుపెట్టి ఆరు దాకా వెళ్ళండి. గోడ పట్టుకుని అంచున నిలబడండి. ఒక కాలు మెట్టు మీదే ఉంచి, రెండో కాలి మడమను మూడు లెక్కపెడుతూ నేలకు ఆనీ ఆననట్టు దించి, మళ్ళీ పైకి లేవండి. ఒక్కో కాలికి పదేసి సార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు. గబుక్కున దించేస్తే కండరానికి పనే ఉండదు. వంగే మోకాలు కాలి రెండో వేలి వైపే చూడాలి. లోపలికి వాలిపోతుంటే చాలాసార్లు పిరుదు పక్క కండరంలో బలం తక్కువని అర్థం. అప్పుడు మెట్టు ఎత్తు తగ్గించి, పక్కకు తిరిగి పడుకుని పై కాలును తిన్నగా లేపి దించడం పన్నెండేసి సార్లు కలపండి.

మెట్టు కూడా కష్టమైతే, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. కుర్చీ పల్లంగా ఉంటే దిండు వేసుకోండి.

చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా, మర్నాటికి తగ్గిపోతే సాగించవచ్చు. వాపు వస్తే సగానికి తగ్గించండి. మోకాలు ఎర్రబడి జ్వరం వచ్చినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించాలి.

ఇదివరకే నొప్పి ఉన్నవాళ్ళు నడిచి ఎక్కి బస్సులో దిగడమే మేలు. నడిచే దిగాలనుకుంటే చేతికర్ర నొప్పి లేని వైపు పట్టుకోండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.