మిరుగం నాటి చేపలు: అపోహలు, వాస్తవాలు

మిరుగం అంటే మృగశిర కార్తె, అది మొదలయ్యే రోజున చేప తినడం మన ఆనవాయితీ. జూన్ 5 దాటిందంటే నా ఫోన్ ఆగదు. "అన్నా, మిరుగం నాటికి రెండు కిలోల కొర్రమట్ట పక్కన పెట్టు." "అన్నా, ఆ రోజు చేప తినకుంటే ఏడాదంతా దగ్గు, దమ్ము పట్టుకుంటదని మా అమ్మ అంటది, నిజమేనా?" "పెరుగన్నం తిన్నంక చేప తింటే బొల్లి వస్తదా?" పాలమూరులో 17 ఏళ్లుగా చేపల మెస్ నడుపుతున్నాను. జూరాల నుంచి, కోయిల్‌సాగర్ నుంచి, చుట్టుపక్కల చెరువుల నుంచి వచ్చే చేపలు కొనడం, కోయడం, వండిపెట్టడం నా పని. ఏటా ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఈసారి ఒకచోట రాస్తున్నాను.

అపోహ: మిరుగం నాడు చేప తింటే ఏడాదంతా రోగం రాదు.

ఒక్క పూట తిన్న కూర ఏడాది కాపాడదు. కానీ ఈ ఆనవాయితీని ఉత్త మూఢనమ్మకమని తీసిపారేస్తే నేను ఒప్పుకోను. మృగశిర కార్తె అంటే సూర్యుడు మృగశిర నక్షత్రంలోకి వచ్చే కాలం. తిథులతో పని లేదు కాబట్టి ఉగాదిలా, దసరాలా తేదీ జరగదు, ఏటా జూన్ 7నో 8నో వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని, మృగశిర కురిస్తే ముసలెద్దు కూడా రంకె వేస్తుందని మన పెద్దలు పక్కపక్కనే ఊరికే చెప్పలేదు. ఆ రెండు సామెతల మధ్యనే చెరువు అడుగంటుతుంది. నీళ్లు మోకాలి లోతుకు వచ్చేసరికి వల వేయడం సులువు, చేప చవక, వాన పడి చెరువు నిండితే మళ్లీ నెలల తరబడి చేతికి చిక్కదు. అటు మొదటి వాన పడగానే దుక్కులు, విత్తనాలు, ఒళ్లు విరిగే పని మొదలవుతుంది. జొన్నరొట్టె, గట్క, పచ్చిపులుసుతో ఎండాకాలం గడిపిన మనిషికి ఆ పనికి ముందు కడుపునిండా మాంసకృత్తులు దొరికే రోజు అది. ఊర్లో అందరికీ ఒకేసారి, తక్కువ ధరకు. ఆనవాయితీ వెనక ఉన్నది ఇదేనని నా లెక్క, చేపలు పట్టేవాళ్లతో ఇన్నేళ్లు మాట్లాడాక ఆ లెక్క ఇంకా గట్టిపడింది.

చేప వేడి చేస్తుంది, వాతావరణం చల్లబడ్డప్పుడు అందుకే తినాలి అంటారు. ఏ మాంసకృత్తులు తిన్నా వాటిని అరిగించుకోవడానికి ఒంట్లో కాస్త వేడి పుడుతుంది, అది కోడిగుడ్డుకైనా పప్పుకైనా అంతే. ఒంటి వేడి మాత్రం 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పులుసు తిన్నాక చెమటలు పట్టాయంటే ఆ పని చేసింది కారం.

చేప, పెరుగు కలిపితే బొల్లి వస్తుందన్నది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ. ఎందుకంటే బొల్లి వచ్చిన పిల్లను పట్టుకుని "ఏం తిన్నావో" అని నిందించడం నేను కళ్లారా చూశాను. బొల్లి అంటువ్యాధి కాదు, తిండి వల్ల వచ్చేది కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల వస్తుంది. బెంగాల్‌లో పెరుగు వేసి చేప వండడం పెళ్లిళ్లలో కూడా ఉండే వంట. తరతరాలుగా తింటున్నారు. పాలు, చేప కలిసి కొందరికి కడుపులో పడకపోవచ్చు, అది వేరే సంగతి. అలాంటివాళ్లు మానేస్తే సరిపోతుంది.

ఇక దమ్ము, అంటే ఆస్తమా గురించి. మృగశిర రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చిన్న కొర్రమేను (కొర్రమట్టే) పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి దమ్ము ఉన్నవాళ్లతో మింగిస్తారు. చేప తిననివాళ్లకు బెల్లంతో ఇస్తారు, డబ్బులు తీసుకోరు. మన దగ్గర నుంచి కూడా బస్సుల్లో పోతారు. నమ్మకంతో పోయేవాళ్లను నేను ఆపను. ఒక్కటే చేతులు జోడించి అడుగుతాను: డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ ఆపకండి, చిన్నపిల్లలకు అసలే ఆపకండి. దమ్మును నయం చేస్తుందని వైద్యపరంగా రుజువైన చేప ఏదీ లేదు.

అపోహ: బొచ్చె, రవ్వ మన చెరువుల్లో తాతల కాలం నుంచి వాటంతట అవే పుట్టి పెరుగుతున్నాయి.

ఇది చెబితే చేపలు అమ్మేవాళ్లే నమ్మరు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. మన చెరువులు పాతవి, అందులో అనుమానం లేదు. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కందూరు చోడుల కాలం నాటిది, దాదాపు 900 ఏళ్ల చెరువు. కానీ ఈ రోజు అందులో వల వేస్తే పడే బొచ్చె, రవ్వ గంగ వైపు నదుల చేపలు. మన కృష్ణకు, మన చెరువులకు మనుషులు తెచ్చి వేసినవి. పైగా ఇవి నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో వరద పారే నదిలోనే పెడతాయి. చెరువులో ఎంత బలిసినా, కడుపునిండా గుడ్లున్నా, పిల్లలు మాత్రం రావు. అందుకే ఒకప్పుడు నదుల్లో వరద కాలంలో చిన్న పిల్లలను వడకట్టి పట్టుకుని, కుండల్లో పోసుకుని దూరప్రాంతాలకు మోసేవాళ్లు. దారిలో ఎన్నో చచ్చేవి, పైగా ఏ పిల్ల ఏ చేపదో తేలేది కాదు.

దీన్ని మార్చినాయన హీరాలాల్ చౌదరి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో ఆయన, ఆయనతోటి శాస్త్రవేత్తలు చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి, పారే నీళ్లు లేకుండానే ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. మన దేశంలో చేపల హేచరీలన్నిటికీ మొదలు అక్కడే. జూలై 10ని జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుకునేది అందుకే. అంటే మన ఊరి చెరువులో ఏటా పిల్లలు వదిలితేనే మరుసటి మిరుగానికి చేప ఉంటుంది. 2016 నుంచి తెలంగాణలో ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వదిలే పథకం పెట్టింది కూడా ఈ కారణంతోనే. బంగారుతీగ సంగతి ఇంకా దూరం: అది ఈ దేశపు చేపే కాదు, బయటి నుంచి తెచ్చిందే, ఇప్పుడు మనం బాగా పెంచుకుంటున్న రకం 1957లో బ్యాంకాక్ నుంచి వచ్చింది. మరి తాతలు తిన్నదేంటి అంటే కొర్రమట్ట, వాలుగ, జెల్ల, పరకలు. ఇవి ఇక్కడివే, ఇక్కడే గుడ్లు పెడతాయి. పరకలు మాత్రం ఈ మధ్య తక్కువ వస్తున్నాయి, వచ్చిన రోజు నేను వదలను. ముళ్లతో సహా కరకరా తినే చిన్న చేపల్లో కాల్షియం బాగా ఉంటుంది, పెద్ద చేప ముక్కల్లో అది అంతగా దొరకదు.

బతికుంటేనే తాజా, చచ్చిన చేప పనికిరాదు అంటారు. కొర్రమట్టకు గాలి పీల్చుకునే ఏర్పాటు ఉంది, చర్మం తడిగా ఉంటే నీళ్ల బయట చాలాసేపు బతుకుతుంది, చెరువు ఎండితే బురదలో దాక్కుని వాన కోసం ఆగుతుంది. (తెలంగాణ రాష్ట్ర చేప అదే, ఆ గౌరవం దానికి తగింది.) రవ్వకు ఆ ఏర్పాటు లేదు, బయటికి తీస్తే కాసేపట్లో చస్తుంది. అంతమాత్రాన అది పాడైనట్టు కాదు. పట్టిన వెంటనే మంచులో పెట్టిన రవ్వ, ఎండలో టబ్బులో గంటలకొద్దీ కొట్టుకుని సగం చచ్చిన కొర్రమట్ట కన్నా మేలు. కళ్లు ఉబ్బి మెరుస్తున్నాయా, వేలితో నొక్కితే కండ మళ్లీ లేస్తుందా, నీచు వాసన కాకుండా కుళ్లు వాసన ఏమైనా ఉందా, ఈ మూడూ చూడండి. మొప్పల ఎరుపు ఒక్కటే చూసి మోసపోకండి.

మిరుగం నాడు "పొద్దున్నే సముద్రం నుంచి వచ్చిన తాజా చేప" అంటే కాస్త ఆగి అడగండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. మృగశిర మొదటి రోజు సరిగ్గా ఆ నిషేధం లోపలే పడుతుంది. చిన్న నాటు పడవల చేప కొంత రావచ్చు, మిగతాది చాలావరకు ఫ్రీజర్‌లోది. ఫ్రీజర్ చేప చెడ్డదని కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మాలని నా మాట. ప్రపంచ సముద్రాల దినోత్సవం కూడా జూన్ 8నే. ఆ రోజు మనం చెరువు చేప తినడమే సముద్రానికి కూడా మంచిది.

ఎర్రటి చేపల పులుసు వేల ఏళ్ల నాటి మన వంట అనేవాళ్లకు ఒక మాట. చింతపండు పాతదే. దాని మూలం ఆఫ్రికా అయినా మన దగ్గర వేల ఏళ్లుగా ఉంది. అరబ్బులు దాన్ని భారతదేశపు ఖర్జూరం అని పిలిచేంతగా మనదైపోయింది. కానీ మిరపకాయ, టమాటా, పల్లి మూడూ అమెరికా ఖండాలవి, 1498లో వాస్కోడగామా వచ్చాకే పోర్చుగీసువాళ్ల ఓడల్లో ఇటు వచ్చాయి. అంతకుముందు మన కారం మిరియాలదే. మిరపకాయ అనే పేరులోనే మిరియం వినిపిస్తుంది చూడండి. నేను అప్పుడప్పుడు మిరియాలు, చింతచిగురు వేసి కారంపొడి లేకుండా చేస్తాను. రంగు పచ్చగా ఉంటుంది. మొదటి ముద్దకు ముఖం చిట్లించినవాళ్లే రెండోసారి వడ్డించమంటారు. చింతచిగురు దొరికే కాలం కూడా ఇదే.

చేప ముట్టని ఇళ్లలో ఆ రోజు ఇంగువ, బెల్లం కలిపి చిన్న ఉండ తింటారు. ఇంగువ మన నేల పంట కాదు. అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు చలి ఎడారుల్లో పెరిగే మొక్క వేరును గీస్తే కారే పాలు గట్టిపడి ఇంగువ అవుతుంది. మన దేశంలో సాగు కోసం మొదటి మొక్క నాటింది 2020 అక్టోబర్‌లో, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో. అంటే పాలమూరు ఇంట్లో తినే ఆ చిన్న ఉండ వెనక ఎంత పాత వ్యాపారం ఉందో ఆలోచించండి. ఒక జాగ్రత్త: డబ్బాలో అమ్మే ఇంగువలో పిండి, బంక కలుపుతారు, గోధుమ పడనివాళ్లు లేబుల్ చూసుకోవాలి.

అపోహ: పులుసు నిలవ ఉంటేనే రుచి, పులుపు ఉంది కాబట్టి పాడవదు.

మొదటి సగం నిజం. ఉప్పు, పులుపు ముక్క లోపలికి దిగడానికి టైం పడుతుంది, మర్నాటి పులుసు రుచి అందుకే. రెండో సగం మాత్రం ప్రమాదం. చింతపండు పులుపు చెడిపోవడాన్ని కొంచెం నెమ్మదింపజేస్తుంది అంతే, ఆవకాయలా కాపాడదు, పులుసులో నీళ్లెక్కువ. కొన్నేళ్ల క్రితం ఒక దావత్‌కు పొద్దున పదకొండింటికి పులుసు వండి ఇచ్చాను. మధ్యాహ్నం తింటారనుకున్నాను, వాళ్లు బగోనె మూత పెట్టి రాత్రి దాకా ఉంచారు. ఎనిమిది మందికి వాంతులు. అందరూ కోలుకున్నారు, కానీ ఆసుపత్రి వరండాలో నేను కూర్చున్న ఆ రాత్రి మర్చిపోలేను. ఎప్పుడు తింటారని ఒక్క మాట అడగకపోవడం నా తప్పు. అప్పటి నుంచి తినే టైం చెప్పనిదే ఆర్డర్ తీసుకోను.

వండిన చేప 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. బయట ఉంచితే రెండు గంటలకు మించొద్దు, మన జూన్ ఎండలాగా 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మళ్లీ మరిగిస్తే సరిపోతుందని అనుకోకండి, కొన్ని విషాలు మరిగించినా పోవు. చల్లార్చాలంటే వెడల్పు గిన్నెల్లోకి పలచగా తీసి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. ప్రపంచ ఆహార భద్రతా దినోత్సవం జూన్ 7, ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది, 2019 నుంచి జరుపుతున్నారు. మన మిరుగం పక్కనే పడింది. ఆ రోజున నేను మా మెస్ గోడ మీద ఈ గంటల లెక్క పెద్దక్షరాలతో రాసి పెడతాను.

క్యాలెండర్‌లో కనిపించే తిండి దినాలన్నీ ఐక్యరాజ్యసమితివే అని కూడా చాలామంది అనుకుంటారు. మే 21 టీ దినోత్సవం ఆ సమితిదే. జూన్ 1 పాల దినోత్సవాన్ని 2001లో మొదలుపెట్టింది దాని ఆహార, వ్యవసాయ సంస్థ. జూలై మూడో ఆదివారం ఐస్‌క్రీమ్ డే మాత్రం 1984లో అమెరికా అధ్యక్షుడు రీగన్ వాళ్ల దేశానికి ప్రకటించుకున్నది. మనకు అదే రోజుల్లో తొలి ఏకాదశి వస్తుంది, జొన్న పేలాలు దంచి బెల్లం కలిపిన పేలాల పిండి తింటాం. మా పిల్లలకు నేను రెండూ పెడతాను.

చివరిగా రేటు సంగతి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది అదే. కార్తె అంటే ఒక్క రోజు కాదు, ఏడాదిని 27 నక్షత్రాలకు పంచితే ఒక్కోదానికి 13, 14 రోజులు వస్తాయి. మొదటి రోజు అందరూ ఒకేసారి మార్కెట్‌కు పోతే ధర ఎక్కుతుంది, తొందరలో కోత సరిగా ఉండదు, మంచు చాలదు. మూడో రోజో నాలుగో రోజో పొద్దున్నే రండి. ఆరుద్ర మొదలయ్యేది జూన్ 22 ప్రాంతంలో, అప్పటిదాకా మిరుగమే.