విమానం ముందు, మోత వెనుక

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరితోట నడుమ నిలబడి ప్రయాణికుల విమానం మోత విని తలెత్తిన వారెవరికైనా ఒక అనుభవం ఉంటుంది. మోత వస్తున్న చోట ఆకాశం ఖాళీగా ఉంటుంది; విమానం మాత్రం ఎంతో ముందు, వేరే చెట్టు మట్టల సందులో కనిపిస్తుంది. 10 కిలోమీటర్ల ఎత్తు నుంచి ధ్వని నేలకు చేరడానికి సుమారు 30 సెకన్లు పడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఆలోపు 7 కిలోమీటర్లకు పైగా సాగిపోతుంది. క్రీడామైదానాల మీదుగా సైనిక విమానాలు ఎగిరినప్పుడు జరిగేదీ ఇదే. అయితే అక్కడ కంటికీ చెవికీ మధ్య ఉన్న ఈ ఎడంతో పాటు గడియారపు ముల్లు కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ ఆనవాయితీకి శతాబ్దం దాటింది. 1918 సెప్టెంబరు 5న షికాగోలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మొదటి పోటీ నాడు సైనిక విమానాలు మైదానం మీదుగా ఎగిరాయి. మనవాళ్లలో ఎక్కువమందికి గుర్తున్నది 2023 నవంబరు 19. అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ క్రికెట్ ఫైనల్‌కు ముందు, వాయుసేనకు చెందిన సూర్యకిరణ్ బృందం తొమ్మిది హాక్ విమానాలతో విన్యాసాలు చేసింది. విజయనగరంలో టీవీల ముందు కూర్చున్న మనం వాటి వరుసను చూడగలిగాం కానీ, మోత ఎటునుంచి వచ్చిందో తెలుసుకోలేకపోయాం. ఆ సంగతి మైదానంలో ఉన్నవారికే తెలుస్తుంది.

అమెరికా మైదానాల్లో విమానాలు సాధారణంగా జాతీయ గీతం ముగిసే క్షణానికి సరిగ్గా నెత్తిమీదికి రావాలని చూస్తారు. ఇది ఎంత కష్టమో మన ఊరి దూరాలతో లెక్కగడదాం. శ్రీకాకుళంలోని కోడి రామమూర్తి స్టేడియంలో మన జాతీయ గీతం పాడుతున్నారని, ఉత్తరాన ఆమదాలవలస వైపు నుంచి ఒక విమానం గంటకు 540 కిలోమీటర్ల వేగంతో వస్తోందని అనుకుందాం. అంటే సెకనుకు 150 మీటర్లు. గీతం నిడివి 52 సెకన్లు కాబట్టి, మొదటి మాట పలికే వేళకు విమానం స్టేడియానికి 7.8 కిలోమీటర్ల దూరంలో, ఆమదాలవలస దాటి నాలుగు కిలోమీటర్ల మేర ఇటు వచ్చేసి ఉండాలి. పాడేవారు చివరి చరణాన్ని భావావేశంతో నాలుగు సెకన్లు సాగదీస్తే, విమానం అప్పటికి స్టేడియం దాటి 600 మీటర్లు వెళ్లిపోతుంది. సముద్రం మీదినుంచి సెకనుకు 5 మీటర్ల ఎదురుగాలి వీచినా, ఆ 52 సెకన్లలో 260 మీటర్లు వెనకబడి, దాదాపు రెండు సెకన్లు ఆలస్యమవుతుంది. అందుకే విమానాలు కొంత దూరంలో గుండ్రంగా తిరుగుతూ వేచి ఉంటాయి. మైదానంలో ఉన్న సైనికుడొకరు పాట ఎంతవరకు వచ్చిందో రేడియోలో చెబుతుంటే, నాయక విమానం ఆ ప్రకారం బయలుదేరి వేగాన్ని సవరించుకుంటుంది. మిగిలిన పైలట్లు నేలనూ చూడరు, గడియారాన్నీ చూడరు. సుమారు ఐదు మీటర్ల ఎడంలో ఉన్న పక్క విమానం మీదే చూపు నిలుపుతారు. చెప్పిన క్షణానికి చెప్పిన చోట ఉండడం సైనిక పైలట్‌కు వృత్తిలో ప్రాథమిక నైపుణ్యం కనుక, అమెరికా వాయుసేన ఈ ప్రయాణాలను శిక్షణ గంటల్లోనే కలుపుకుంటుంది. అది సబబేనని నా అభిప్రాయం.

ఇక మోత విషయం. మన ఎండల్లో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. అదే 540 కిలోమీటర్ల వేగంతో, 300 మీటర్ల ఎత్తున నెత్తిమీదికి వచ్చిన విమానం మోత మనల్ని చేరేసరికి, అది 130 మీటర్లు ముందుకు జరిగి ఉంటుంది. ఎత్తు రెట్టింపైతే ఆ దూరమూ రెట్టింపవుతుంది. అందువల్ల వేగం మారనంతవరకు, విమానం ఏ ఎత్తున పోయినా, మోత నడినెత్తిన వినిపించే క్షణానికి కంటికి కనిపించే ఎడం సుమారు 23 డిగ్రీలే. ఇంత సరళమైన లెక్క ఆకాశంలో దాగి ఉండడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

పైగా జెట్ ఇంజన్ మోత అన్ని దిక్కులకూ సమానంగా పోదు. తోకనుంచి దూసుకువచ్చే వేడి వాయువు చుట్టూ ఉన్న గాలితో కలిసేటప్పుడు పుట్టే సుడుల నుంచి వచ్చే హోరు, ఏటవాలుగా వెనక్కే ఎక్కువగా వ్యాపిస్తుంది. ఎదురుగా వచ్చేటప్పుడు కాస్త తక్కువ మోతతో ఉన్న విమానం, దాటగానే గుండెలదిరేలా గర్జించడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ హోరు శక్తి వాయువు వేగపు ఎనిమిదో ఘాతాన్ని అనుసరిస్తుందని బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త జేమ్స్ లైట్‌హిల్ 1952లో సిద్ధాంతీకరించారు. వేగం సగమైతే హోరు 256వ వంతుకు పడిపోతుందన్నమాట. ప్రయాణికుల విమానాల ఇంజన్లు ఎక్కువ గాలిని తక్కువ వేగంతో నెడతాయి కాబట్టి, యుద్ధవిమానాలంత మోత చేయవు.

విన్యాసాల్లో విమానాలు వదిలే తెల్లని పొగ నిజానికి వేడి వాయువులో ఆవిరై, చల్లబడి సన్నని తుంపరగా మారిన నూనె. అది విమానం గడచిన దారిని ఆకాశంలో గీతగా నిలుపుతుంది. మనం వింటున్న మోత బయలుదేరిన చోటు ఆ గీత మీదే ఉంటుంది. విశాఖ సముద్రతీరంలో నౌకాదళ విన్యాసాలకు మన జిల్లాల నుంచి వెళ్లేవారు, ఏ విమానమైనా నెత్తిమీదుగా పోయినప్పుడు కళ్లు మూసుకుని, మోత నడినెత్తికి వచ్చిందని తోచగానే కళ్లు తెరిచి, చేయి చాచి కొలవవచ్చు. చాచిన చేతి చివర బిగించిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. విమానం గంటకు 540 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, చెవి చూపిన చోటి నుంచి దాని దాకా రెండు పిడికిళ్లు, ఆ పైన ఇంకొంచెం ఉంటుంది.