కుర్చీకి మోకాళ్లు ఎందుకు?

ప్రియమైన పిల్లలూ,

వేసవి సెలవులకు ముందు బడివాళ్లతో కలిసి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం చూసి వచ్చిన ఒక పాప నాకు ఉత్తరం రాసింది. "తాతయ్యా, గంటలు కొట్టే బొమ్మ కోసం అందరూ గడియారం ముందు కూర్చున్నారు. నేను మాత్రం పాత కుర్చీలు చూశాను. వాటి కాళ్లకు మోకాళ్లు ఉన్నాయి. మన ఇంట్లో కుర్చీలకు లేవు కదా, వాటికెందుకు ఉన్నాయి?" అని అడిగింది.

ఆ ప్రశ్న చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పెద్దవాళ్లు మ్యూజియంలో కుర్చీ కనబడితే ముందు ఖరీదెంతో అడుగుతారు. ఆ తరువాత ఏ రాజు కూర్చున్నాడో అడుగుతారు. వంగి కాళ్లు చూసేవాళ్లు చాలా తక్కువ. కుర్చీ ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు పుట్టిందో తెలిసేది కాళ్ల దగ్గరే!

ఇలా చూడడం నేను నేర్చుకున్నది పశువుల సంతలో. నా చిన్నప్పుడు మా నాన్న ఎద్దులు కొనడానికి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్లేవాడు. తెల్లవారకముందే బయలుదేరేవాళ్లం. అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం దారిలో చెరువుగట్టు మీద తినేవాళ్లం. సంతలో అమ్మేవాళ్లు ఎద్దు కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, మూపురం నిమురుతూ చూపించేవారు. నాన్న ఆ కొమ్ముల వంక కన్నెత్తి చూసేవాడు కాదు. గొంతుక్కూర్చుని ముందు గిట్టలు చూసేవాడు, తరువాత మోకాళ్లు. ఆ పైన లేచి నడుము మీద అరచెయ్యి వేసి గట్టిగా నొక్కేవాడు. పళ్లు చూసి వయసు కట్టేవాడు. అంతా అయ్యాక పలుపు పట్టుకుని నాలుగడుగులు నడిపించేవాడు. "కొమ్ములు చూసి కొన్నవాడు దుక్కిలో ఏడుస్తాడురా" అనేవాడు.

కుర్చీని కూడా అలాగే చూడాలి. బంగారు పూత, పట్టు దిండు, ఇవన్నీ కొమ్ములకు వేసిన రంగు. వాటిని కాసేపు పక్కన పెట్టి గొంతుక్కూర్చోండి. ముందు గిట్ట, తరువాత మోకాలు, ఆ తరువాత నడుము.

గిట్ట నుంచే మొదలుపెడదాం. సుమారు అయిదు వేల ఏళ్ల కిందట ఈజిప్టులో పీటలకూ మంచాలకూ నిజంగానే ఎద్దు కాళ్లు చెక్కి అమర్చేవారు. దంతంతో చెక్కిన అలాంటి చిన్న చిన్న ఎద్దు కాళ్లు ఇప్పటికీ పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. ఒక్క ముచ్చట గమనించండి. ఆ వడ్రంగులు నాలుగు కాళ్లూ ఒకే తీరున చెక్కలేదు. ముందువి ముందు కాళ్లే, వెనకవి వెనక కాళ్లే. నాలుగూ ఒకే వైపు నడుస్తుంటాయి! పశువును దగ్గరగా చూసి పెరిగినవాళ్లకే అది తోస్తుంది. తరువాతి కాలంలో ఎద్దు పోయి సింహం వచ్చింది. 1922లో కనుగొన్న ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ సమాధిలోని బంగారు సింహాసనానికి ఉన్నవి సింహం కాళ్లు.

ఇక మోకాలి సంగతి. 1700కు ముందు యూరప్ కుర్చీలకు చాలావాటికి కాళ్లు నిటారుగా ఉండేవి. అవి కదిలిపోకుండా కాలికీ కాలికీ మధ్య అడ్డకర్రలు బిగించేవారు. 1700 తరువాత వంపు కాలు వచ్చింది. పైన బయటికి ఉబుకుతుంది, కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతూ లోపలికి వెళ్తుంది, పాదం దగ్గర మళ్లీ బయటికి వస్తుంది. పాప చూసిన మోకాలు అదే. ఎద్దు కాలు ఎక్కడ లావుగా ఉంటుంది? ఒంటిని అంటుకునే చోట కదా. బరువు దిగేది అక్కడే. వంపు కాలు కూడా కూర్చునే చట్రాన్ని కలిసే చోట లావుగా ఉంటుంది. అందువల్ల అతుకు గట్టిపడింది, చాలా కుర్చీలకు అడ్డకర్రల అవసరమే తీరిపోయింది.

అయితే వంపు అందరికీ అబ్బే పని కాదు. చెక్కలో పోగు నిట్టనిలువుగా ఉంటుంది. వంపు కోసం ఆ పోగును అడ్డంగా కోయాలి. మరీ ఎక్కువ వంచి కోస్తే చీలమండ దగ్గర కాలు పుటుక్కున విరుగుతుంది. అందుకే పనితనం తెలిసిన వడ్రంగి ఎంత వంపు తిప్పినా, పైనుంచి పాదం దాకా ఒక నిలువు గీత గీస్తే అది కాలి లోపలే సాగేటట్టు చూసుకుంటాడు. మీరు చూసినప్పుడు కంటితోనే ఆ గీత గీయండి. గీత బయటికి పోయిందా, ఆ కుర్చీ అందానికే గాని కూర్చోవడానికి పనికిరాదు.

కొన్ని కుర్చీల పాదం ఒక గోళాన్ని పట్టుకున్న పంజాగా ఉంటుంది. చైనా బొమ్మల్లో డ్రాగన్ ముత్యాన్ని పట్టుకుని ఉంటుంది, అందులోంచే ఇది వచ్చిందని చాలామంది చెబుతారు.

ఇప్పుడు ఫ్రాన్సుకు వెళ్దాం. 1715 నుంచి 1774 దాకా ఏలిన పదిహేనో లూయీ కాలపు కుర్చీలో తిన్నని గీత కోసం వెతకండి, దొరకడం కష్టం. కాలు, చెయ్యి, వీపు, అన్నీ వంపులే. చేతులు పెట్టుకునే కొమ్మలు ముందు కాళ్లకు సూటిగా ఉండవు, కాస్త వెనక్కి జరిగి ఉంటాయి. ఆనాటి దొరసానులు ఇరుపక్కలా వెడల్పుగా లేచి నిలబడే గౌన్లు వేసుకునేవారు. ఆ గౌను కుర్చీలో పట్టాలి కదా! తరువాత పదహారో లూయీ కాలం వచ్చేసరికి మోకాలు మాయమైంది. హెర్క్యులేనియం, పాంపేయి అనే పాత రోమను ఊళ్లను అగ్నిపర్వతపు బూడిద కింద నుంచి తవ్వి తీస్తుంటే, అందరికీ ఆ పాతకాలపు తిన్నని స్తంభాల మీద మోజు పుట్టింది. కుర్చీ కాళ్లు నిటారై, నిలువు గాళ్లు పడ్డాయి. నెపోలియన్ 1798లో ఈజిప్టు మీదికి దండెత్తి వచ్చాక కుర్చీల మీదికి సింహం ఒళ్లు, మనిషి తల ఉన్న సింహికలు కూడా ఎక్కాయి. చూశారా, ఎక్కడో తవ్విన గొయ్యి, ఎక్కడో జరిగిన యుద్ధం వచ్చి కుర్చీ కాలి మీద గుర్తు పెట్టి వెళ్తాయి.

ఇంగ్లండులో థామస్ చిప్పెండేల్ అనే వడ్రంగి 1754లో తన నమూనాలన్నీ బొమ్మలుగా అచ్చు వేయించాడు. డాలు ఆకారపు వీపు కనిపిస్తే హెపుల్‌వైట్ అనే మరో ఇంగ్లీషు వడ్రంగి శైలి అనుకోండి. ఆయన నమూనాల పుస్తకాన్ని 1788లో, ఆయన పోయిన తరువాత, భార్య వెలువరించింది.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తోంది. ఆ ఇంగ్లీషు కుర్చీలు, ఆ నమూనాలు ఓడలెక్కి మన విశాఖపట్నం రేవుకు వచ్చాయి. కంపెనీ దొరలకు కూర్చోవడానికి కుర్చీలు కావాలి. మన వడ్రంగులు వాటిని చూశారు, చేసిపెట్టారు. ఆకారం ఇంగ్లండుది. మోకాలూ పంజా అన్నీ ఉన్నాయి. దాని మీద పని మాత్రం మనది. రోజ్‌వుడ్ చెక్కలో లోతు తక్కువ గాళ్లు తవ్వి, ఆకులుగా పువ్వులుగా కోసిన దంతపు ముక్కలు అందులో తాపేవారు. ఆ దంతం మీద సన్నని గీతలు గీసి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఆ తీగలు, ఆ పూలు మన తీరంలో అద్దకం బట్టల మీద పూసిన తీగలే, ఆ పూలే. 1756లోనే ఒక ఇంగ్లీషు సైనికాధికారి విశాఖపట్నం ఈ తాపడం పనికి పేరుపొందిందని రాసి పెట్టాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఇంటి సామాను 1781లో అమ్మకానికి వస్తే, చెక్క కనబడకుండా దంతపు రేకులు తాపిన కుర్చీలను ఇంగ్లండు రాజు మూడో జార్జి కొని రాణి షార్లట్‌కు ఇచ్చాడు. అవి ఇప్పటికీ అక్కడి రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా విశాఖ వడ్రంగుల పని ఉంది.

ఆ పని చేసినవాళ్లు ఎలా కూర్చునేవారో ఊహించారా? నేల మీద. ఆ కాలపు బొమ్మల్లో మన వడ్రంగులు నేల మీద కూర్చుని, కాలి వేళ్లతో చెక్కను బిగించి పట్టుకుని ఉలి ఆడిస్తూ కనబడతారు. మా ఊరి వడ్రంగి తాత కూడా వేపచెట్టు కింద అలాగే కూర్చుని నాగలి చెక్కేవాడు. బాడిస దెబ్బకు చెక్క పేళ్లు ఎగిరిపడుతుంటే ఏరుకోవడం మాకు ఆట. కుర్చీలో కూర్చునే అలవాటు లేనివాళ్లు, రాజు మనసుపడే కుర్చీ చేశారు! కూర్చునేవాడి నడుము ఎక్కడ వంగుతుందో, మోచెయ్యి ఎక్కడ ఆనుతుందో వాళ్ల చేతికి ఎలా తెలిసింది? నేను ఎంత ఆలోచించినా ఆశ్చర్యమే మిగులుతుంది. ఆ కుర్చీల గురించి నేను చదివినంతలో కొన్నవాళ్ల పేర్లు ఉన్నాయి, ఏలినవాళ్ల పేర్లు ఉన్నాయి, చెక్కిన వడ్రంగి పేరు ఒక్కటీ కనబడలేదు. పిల్లలూ, మీరు ఏ వస్తువును మెచ్చుకున్నా చేసినవాడెవరని ఒకసారి అడగండి. జవాబు దొరకకపోయినా అడగండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. అంత దంతం ఊరికే రాలేదు, ఏనుగుల ప్రాణాలు పోయాయి. 1989లో ప్రపంచ దేశాలు కలిసి ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి. ఆ పనితనాన్ని ప్రేమిద్దాం, అలాంటి దంతపు వస్తువు మళ్లీ కావాలని మాత్రం కోరుకోవద్దు.

మా ఇంట్లో ఒకే ఒక్క కుర్చీ ఉండేది. చేతులున్న టేకు కుర్చీ, పేము అల్లిక. అధికారి ఎవరైనా వస్తే దాన్ని తుడిచి అరుగు మీద వేసేవారు. మా తాత పక్కనే నిలబడేవాడు. పొలం పని చేసేవాళ్లు కింద వాకిట్లో కూర్చునేవారు. నాకు ఊహ తెలిశాక అది చూస్తే మనసు చివుక్కుమనేది. ప్రపంచమంతటా చాలాకాలం ఇదే కథ. కుర్చీ కొద్దిమందిది, పీటలూ బల్లలూ నేలా మిగతావాళ్లవి. మీ తరగతిలో ఇవాళ ప్రతి పిల్లకూ పిల్లవాడికీ కూర్చోవడానికి బెంచీ ఉంటే, దాన్ని చిన్న సంగతి అనుకోకండి.

కుర్చీ అందరికీ అందడంలో వియన్నాకు చెందిన థోనెట్ కంపెనీకి పెద్ద పాత్ర ఉంది. 1859లో వాళ్లు బీచ్ చెక్కను ఆవిరి పట్టించి వంచి, ఆరే ముక్కలతో ఒక కుర్చీ చేశారు. విడదీసి సర్దితే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. దానికి గిట్టా లేదు, మోకాలూ లేదు. మా నాన్న సంత చూపు దాని దగ్గర పనిచేయదు. ఆవిరికి చెక్క ఎలా లొంగుతుందో మరో ఉత్తరంలో చెబుతాను.

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్లండి. ఫ్రాన్సు రాజు టిప్పు సుల్తానుకు కానుకగా పంపాడని చెప్పే దంతపు కుర్చీలు అక్కడ ఉన్నాయి, వాటిని వదలకండి. తాడు దాటవద్దు, చెయ్యి వేయవద్దు. కాపలా ఉన్నవారిని అడిగి నేల మీద కూర్చుని చూడండి. ఒక కుర్చీని ఎంచుకుని, దాని ఒక్క కాలి బొమ్మ పెన్సిలుతో గీయండి. వీలైతే వెనక కాలు కూడా గీయండి, ముందు కాలికీ దానికీ తేడా ఉంటుంది. ఎందుకు ఉంటుందో ఆలోచించి, బొమ్మ వెనక రాసి నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య