లోకల్‌లో వస్తోంది, లైవ్‌లో రావట్లేదు: ఫైల్ పాత్‌ల మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, లోకల్‌లో అన్నీ బాగానే ఉన్నాయి, లైవ్‌లో పెట్టగానే ఇమేజ్‌లు ఎగిరిపోయాయి, హోస్టింగ్ వాళ్లకి టికెట్ వేశా." లోకల్ అంటే మన కంప్యూటర్, లైవ్ అంటే నెట్‌లో అందరికీ కనిపించే సర్వర్. ఇలాంటి మెసేజ్ వచ్చినప్పుడు టికెట్ సంగతి పక్కనపెట్టి నేను ముందు అడిగేది ఒకటే: ఆ ఫైల్ కోసం వెతికింది ఎవరు? బ్రౌజరా, వెబ్ సర్వరా, సర్వర్‌లో పేజీని తయారుచేసే పీహెచ్‌పీనా, చెప్పిన టైమ్‌కి పనులు చేయించే క్రాన్ నడిపిన స్క్రిప్టా? ఫైల్ ఒక్కటే అయినా నలుగురూ తలో చోట నిలబడి వెతుకుతారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడకుండా పాత్‌లో ఒక స్లాష్ తీసి, రెండు డాట్‌లు పెట్టి, మళ్లీ అప్‌లోడ్ చేసి, రిఫ్రెష్ కొట్టి చూస్తూ కూర్చుంటే పొద్దు గుంకుతుంది, ఒకవేళ పని చేసినా ఎందుకు చేసిందో తెలీదు, వచ్చే నెల మళ్లీ అదే గోల. ఈ పనిలో నాకు తరచూ వినిపించే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నా. ఎక్కువగా పీహెచ్‌పీ, అపాచీ, ఇంజిన్‌ఎక్స్ (చివరి రెండూ వెబ్ సర్వర్లు) వాడేవాళ్లకి పనికొస్తాయి.

అపోహ: లోకల్‌లో పనిచేసిందంటే కోడ్ కరెక్టే, తప్పు సర్వర్‌దే.

లోకల్‌లో కొన్ని తప్పులు చూసీచూడనట్టు పోతాయి, అంతే. అమీర్‌పేటలో కోర్సు చేసినా, యూట్యూబ్ చూసి నేర్చుకున్నా, మనలో చాలామంది మొదలుపెట్టేది విండోస్ ల్యాప్‌టాప్‌లో జాంప్ (ల్యాప్‌టాప్‌లోనే వెబ్ సర్వర్ నడిపే ప్యాకేజీ) వేసుకునే. విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్ మామూలుగా క్యాపిటల్, స్మాల్ తేడా పట్టించుకోదు. మ్యాక్‌లో డిఫాల్ట్‌గా వచ్చే ఏపీఎఫ్‌ఎస్ కూడా అంతే. లైవ్ సర్వర్ లినక్స్ అయితే అక్కడ క్యాపిటల్ ఎల్‌తో ఉన్న లోగో వేరు, స్మాల్ ఎల్‌తో ఉన్న లోగో వేరు, రెండూ ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కన ఉన్నా దానికి ఇబ్బంది లేదు. కెమెరా నుంచి దించిన ఫోటోలకి ఎక్స్‌టెన్షన్ జేపీజీ అని క్యాపిటల్స్‌లో వస్తుంది, కోడ్‌లో మనం స్మాల్‌లో కొడతాం, లోకల్‌లో కనిపిస్తుంది, లైవ్‌లో 404, అంటే అడిగింది దొరకలేదన్న ఎర్రర్.

ఇమేజ్ అయితే కనీసం కంటికి కనిపిస్తుంది. పీహెచ్‌పీ క్లాస్ అయితే ఇంకా తలనొప్పి. క్లాస్ ఫైళ్లని తనే వెతికి తెచ్చే కంపోజర్ ఆటోలోడ్ క్లాస్ పేరు నుంచే ఫైల్ పేరు కట్టుకుంటుంది కాబట్టి క్లాస్ పేరు క్యాపిటల్ యూతో ఉండి ఫైల్ పేరు స్మాల్ యూతో ఉంటే లైవ్‌లో "క్లాస్ నాట్ ఫౌండ్" అని వస్తుంది. ఫైల్ అనే మాటే ఆ ఎర్రర్‌లో ఉండదు, మనం నేమ్‌స్పేస్‌లు తవ్వుతూ కూర్చుంటాం.

సరే, పేరు సరిచేసి గిట్‌లో (కోడ్ మార్పుల్ని నమోదు చేసే టూల్) పుష్ చేశారు, అయినా లైవ్‌లో మారలేదు. ఎందుకంటే విండోస్‌లో క్లోన్ చేసిన రిపోలో కోర్ డాట్ ఇగ్నోర్‌కేస్ అనే సెట్టింగ్ ట్రూగా పడుతుంది, క్యాపిటల్, స్మాల్ మాత్రమే మారిన రీనేమ్ గిట్ కంట పడదు. ఎక్స్‌ప్లోరర్‌లో కాకుండా గిట్ ఎంవీ కమాండ్‌తో పేరు మార్చండి. అదీ మొరాయిస్తే ముందు వేరే పేరుకి మార్చి కమిట్ చేసి, తర్వాత కావలసిన పేరుకి మార్చండి. అసలు ఇమేజ్‌లు, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లకైనా అన్నీ స్మాల్ లెటర్స్, స్పేస్ బదులు హైఫన్ అని టీమ్‌లో అలవాటు చేసుకుంటే ఈ బాధలో సగం తగ్గుతుంది.

అపోహ: యూఆర్‌ఎల్ అన్నా ఫైల్ పాత్ అన్నా ఒకటే కదా.

కాదు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ వాటికి మూలం ఇదే, అందుకని దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతా.

హెచ్‌టీఎంఎల్‌లో స్లాష్‌తో మొదలయ్యే పాత్ రాశారనుకోండి, అది చదివేది బ్రౌజర్. దానికి ఆ స్లాష్ అంటే డొమైన్ మొదలు. మీ ప్రాజెక్ట్ లోకల్‌హోస్ట్ కింద షాప్ అనే ఫోల్డర్‌లో ఉంటే, స్లాష్ సీఎస్‌ఎస్ అని రాయగానే బ్రౌజర్ షాప్‌ని దాటేసి నేరుగా హెచ్‌టీడాక్స్ (జాంప్‌లో సైట్లు పెట్టే ఫోల్డర్) కింద వెతుకుతుంది. లైవ్‌లో ప్రాజెక్టే డొమైన్ మొదట్లో ఉంటుంది కాబట్టి అక్కడ దొరుకుతుంది. అంటే ఈసారి లైవ్‌లో వస్తుంది, లోకల్‌లో రాదు. దీనికి మందు పాత్‌లు మార్చడం కాదు, లోకల్‌లో కూడా ఆ ప్రాజెక్ట్‌కి ఒక వర్చువల్ హోస్ట్, అంటే దానికంటూ ఒక డొమైన్ పేరు, పెట్టుకోవడం. ఒక్కసారి చేస్తే లోకల్, లైవ్ రెండూ ఒకే ఆకారంలో ఉంటాయి.

అదే స్లాష్ పీహెచ్‌పీ ఇంక్లూడ్‌లో రాస్తే దాన్ని చదివేది ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్‌లో ఆ స్లాష్ అంటే ఈటీసీ, వార్, హోమ్ ఫోల్డర్లన్నీ ఉండే డిస్క్ రూట్. మీ సైట్ అక్కడ ఉండదు, వెబ్ డొమైన్‌తో దానికి సంబంధమే లేదు.

ఇక స్లాష్ లేకుండా మొదలయ్యే రిలేటివ్ పాత్‌లు. బ్రౌజర్ అడ్రస్ బార్‌లో ఉన్న యూఆర్‌ఎల్ నుంచి లెక్కపెడుతుంది, సర్వర్‌లో ఆ పేజీ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో దానికి తెలియదు, అక్కర్లేదు. రీరైట్ రూల్స్ (వచ్చిన యూఆర్‌ఎల్‌ని వేరే ఫైల్‌కి మళ్లించేవి) పెట్టి యూఆర్‌ఎల్‌ని ప్రొడక్ట్ స్లాష్ 12 స్లాష్ చీర అని అందంగా మార్చారు, వెనక నడిచేది మాత్రం అదే ఇండెక్స్ ఫైల్. బ్రౌజర్ దృష్టిలో ఇప్పుడు మనం ప్రొడక్ట్ అనే ఫోల్డర్‌లో, 12 అనే ఫోల్డర్‌లో ఉన్నాం, ఇమేజెస్ ఫోల్డర్ కోసం అక్కడే వెతుకుతుంది. "హోమ్ పేజీ బాగుంది, లోపలి పేజీల్లో మాత్రం డిజైన్ చెదిరిపోతోంది" అని ఎవరైనా అంటే కోడ్ తెరవకముందే దీన్ని అనుమానించవచ్చు.

పీహెచ్‌పీ లెక్క ఇంకోటి. ఇండెక్స్ ఫైల్ ఇంక్ ఫోల్డర్‌లోని హెడర్‌ని పిలిచింది, ఆ హెడర్‌లో డాట్ డాట్ స్లాష్ కాన్ఫిగ్ అని ఉంది. హెడర్ ఉన్న చోటు నుంచి ఒక మెట్టు పైకి వెళ్తుందని మనం అనుకుంటాం. వెళ్లదు. డాట్‌లతో మొదలైన పాత్‌ని పీహెచ్‌పీ ఆ సమయానికి ఉన్న వర్కింగ్ డైరెక్టరీ నుంచి చూస్తుంది, వెబ్‌లో అది సాధారణంగా మొదట నడిచిన స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్. అదే స్క్రిప్ట్‌ని క్రాన్‌లో పెడితే వర్కింగ్ డైరెక్టరీ ఆ యూజర్ హోమ్ ఫోల్డర్ అవుతుంది, కమాండ్ లైన్ పీహెచ్‌పీ స్క్రిప్ట్ ఉన్న చోటుకి తనంతట తాను వెళ్లదు. బ్రౌజర్‌లో నడిచిన స్క్రిప్ట్ రాత్రి క్రాన్‌లో ఎందుకు చచ్చిపోతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పీహెచ్‌పీ 5.3 నుంచి ఉన్న డీఐఆర్ కాన్‌స్టంట్, అదే ముందు రెండు వెనక రెండు అండర్‌స్కోర్‌లు ఉండేది, దాన్ని ప్రతి ఇంక్లూడ్ ముందు పెట్టండి. ఆ లైన్ రాసిన ఫైల్ ఎక్కడుందో అక్కడి నుంచే లెక్క మొదలవుతుంది, ఎవరు పిలిచినా మారదు. అనుమానం ఉంటే ఆ పాత్‌ని రియల్‌పాత్ ఫంక్షన్‌కి ఇచ్చి వార్ డంప్ చేయండి. ఫైల్ దొరికితే పూర్తి అడ్రస్ చూపిస్తుంది, లేకపోతే ఫాల్స్.

అపోహ: 777 పెడితే అన్నీ సర్దుకుంటాయి.

ఇది చెప్పేవాళ్లని చూస్తే నాకు నిజంగా బీపీ పెరుగుతుంది. 777 అనే పర్మిషన్ అంకె అంటే ఆ సర్వర్‌లో ఉన్న ఏ యూజరైనా ఆ ఫైల్‌ని మార్చొచ్చు అని. పైగా పీహెచ్‌పీని మీ యూజర్ పేరు మీదే నడిపే కొన్ని షేర్డ్ హోస్టింగ్‌లలో, అందరూ రాయగలిగే ఫైల్ కనిపిస్తే నడపడానికే ఒప్పుకోక 500 ఎర్రర్ ఇస్తాయి. అంటే సాయం చేద్దామని పెట్టిన 777 వల్లే సైట్ పడిపోవచ్చు.

ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 మామూలుగా సరిపోతాయి. అప్పటికీ రాకపోతే చాలాసార్లు సమస్య అంకెలో కాదు, ఓనర్‌లో ఉంటుంది. ఉబుంటులో అపాచీ నడిచేది డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు డేటా అనే యూజర్ పేరుతో. మీరు రూట్‌గా లాగిన్ అయి అప్‌లోడ్స్ ఫోల్డర్ క్రియేట్ చేస్తే దాని ఓనర్ రూట్, అపాచీ అందులో రాయలేదు. ఆ ఒక్క ఫోల్డర్ ఓనర్‌ని మార్చండి, సైట్ మొత్తాన్ని కాదు.

ఇంకోటి చాలామంది చూడరు. ఫైల్ దాకా వెళ్లాలంటే దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్‌కీ ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి. చివరి ఫైల్‌కి 777 ఇచ్చి పై ఫోల్డర్ 700లో (ఓనర్‌కి మాత్రమే దారి) ఉంచడం వీధి గేటుకి తాళం వేసి బీరువా తలుపులు బార్లా తీసి పెట్టినట్టే. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ హోమ్ ఫోల్డర్ డిఫాల్ట్‌గా 750లో (బయటి యూజర్లకి దారి లేకుండా) వస్తోంది, అంతకుముందు 755 ఉండేది. పాత ట్యుటోరియల్ చూసి సైట్‌ని హోమ్ ఫోల్డర్‌లో పెట్టినవాళ్లకి 403 (లోపలికి రానివ్వనన్న ఎర్రర్) రావడానికి కారణం చాలాసార్లు ఇదే. టెర్మినల్‌లో నేమ్ అనే ఇంగ్లిష్ మాట చివర ఒక ఐ చేర్చి, హైఫన్ ఎల్ పెట్టి, పూర్తి పాత్ ఇస్తే దారిలో ఒక్కో మెట్టుకీ ఓనర్ ఎవరో, పర్మిషన్ ఎంతో వరసగా చూపిస్తుంది. ఎక్కడ ఆగిపోయిందో చూడగానే తెలుస్తుంది.

రెడ్‌హ్యాట్ కుటుంబం సర్వర్లలో పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా 403 వస్తుంటే ఎస్‌ఈలినక్స్ అనే అదనపు కాపలాని చూడండి. హోమ్ ఫోల్డర్ నుంచి ఎంవీతో తరలించిన ఫైళ్లు పాత లేబుల్‌ని వెంట తెచ్చుకుంటాయి. రిస్టోర్‌కాన్ కమాండ్ కొడితే సరిపోతుంది, ఎస్‌ఈలినక్స్‌ని ఆఫ్ చేసేయకండి.

అపోహ: 404 అంటే ఫైల్ లేదని, 403 అంటే పర్మిషన్ లేదని.

సగం నిజం. ఫోల్డర్‌లో ఇండెక్స్ ఫైల్ లేక, లిస్టింగ్ కూడా ఆపేసి ఉంటే వచ్చేదీ 403నే. ఇంజిన్‌ఎక్స్‌లో రూట్ అని రాయాల్సిన చోట ఎలియాస్ అని, లేదా అటుది ఇటు రాస్తే, ఫైల్ డిస్క్ మీద ఉన్నా 404 వస్తుంది. రూట్ అయితే లొకేషన్‌లో ఉన్న భాగాన్ని కూడా పాత్‌కి తగిలిస్తుంది, ఎలియాస్ ఆ భాగాన్ని తీసేసి దాని బదులు మీరిచ్చింది పెడుతుంది.

ఊహించడం మాని లాగ్ తెరవండి. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో అది వెతికిన పూర్తి పాత్ ఉంటుంది, పక్కన బ్రాకెట్‌లో ఒక అంకె. 2 అయితే ఫైల్ దొరకలేదు, 13 అయితే పర్మిషన్ లేదు. ఆ పాత్‌ని అలాగే కాపీ చేసి టెర్మినల్‌లో ఎల్‌ఎస్ కొట్టి చూడండి, చాలాసార్లు ఒక ఫోల్డర్ పేరు రెండుసార్లు పడిందని అక్కడే కనిపిస్తుంది. అపాచీ 2.4లో మాత్రం మామూలు 404లు డిఫాల్ట్ స్థాయిలో ఎర్రర్ లాగ్‌లోకి రావు, యాక్సెస్ లాగ్ చూడాలి. లాగ్ ఖాళీగా ఉంది కదా అని అన్నీ బాగున్నాయనుకోకండి.

తెల్ల పేజీ మీద "ఫైల్ నాట్ ఫౌండ్" అని ఒక్క ముక్క మాత్రమే కనిపించి, లాగ్‌లో "ప్రైమరీ స్క్రిప్ట్ అన్‌నోన్" అని ఉంటే, అక్కడ మాట్లాడుతున్నది ఇంజిన్‌ఎక్స్ కాదు, దాని వెనక పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం. ఇంజిన్‌ఎక్స్ పంపిన పాత్‌లో ఎఫ్‌పీఎంకి ఆ ఫైల్ కనపడలేదు. డాకర్‌లో రెండిటినీ రెండు కంటెయినర్లలో (వేర్వేరు పెట్టెల్లాంటివి) పెట్టి, కోడ్‌ని ఒకదానిలో ఒక చోట, రెండో దానిలో వేరే చోట మౌంట్ చేస్తే అచ్చం ఇదే వస్తుంది.

అపోహ: హెచ్‌టీయాక్సెస్ ఫైల్ పెట్టాను కాబట్టి రూల్స్ పనిచేయాల్సిందే.

ఫోల్డర్‌లో పెట్టే ఈ రూల్స్ ఫైల్ అపాచీది, ఇంజిన్‌ఎక్స్ దాన్ని చదవనే చదవదు. అపాచీ 2.4లో అలౌ ఓవర్‌రైడ్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా నన్, అది మార్చకపోతే అదీ చదవదు. అసలు ఆ ఫైల్ సర్వర్‌కి చేరిందో లేదో కూడా చూసుకోండి, పేరు డాట్‌తో మొదలవుతుంది కాబట్టి సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో హిడెన్ ఫైల్స్ ఆన్ చేస్తే తప్ప కనిపించదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు చివర టీఎక్స్‌టీ తగులుకుని ఉండొచ్చు, విండోస్ ఎక్స్‌టెన్షన్లు దాచిపెడుతుంది కాబట్టి తెలీదు.

అపోహ: తెలుగులో ఫైల్ పేరు పెడితే సర్వర్‌కి అర్థం కాదు.

లినక్స్‌కి పేరంటే బైట్ల వరస, ఏ భాషైనా దానికి ఒకటే. స్లాష్, నల్ తప్ప ఏదైనా పెట్టుకోవచ్చు. ఇబ్బంది వేరే చోట ఉంది. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో పేరు గరిష్ఠంగా 255 బైట్లు. గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కే. స్త్రీ అనే ఒక్క అక్షరం కోడ్ లెక్కలో 6, బైట్లలో 18. యూఆర్‌ఎల్‌లోకి వెళ్లేసరికి ఒక్కో కోడ్ పర్సెంట్ గుర్తులతో కలిపి 9 క్యారెక్టర్లవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో స్లగ్ (లింక్ చివర వచ్చే పోస్ట్ పేరు) కాలమ్ సైజు 200, అందుకే తెలుగు టైటిల్ పెట్టిన పోస్ట్ లింక్ 22 కోడ్‌ల దగ్గర తెగిపోతుంది. స్లగ్ చేత్తో ఇంగ్లిష్‌లో కొట్టుకోవడం మంచిది.

అసలు చుక్కలు చూపించేది మాత్రం రెండు పేర్లు కంటికి ఒకేలా ఉండి బైట్లలో వేరుగా ఉన్నప్పుడు. హైదరాబాద్ అనే మాటలో మొదటి అక్షరానికి ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం, ఐత్వం కింది ముక్క అని రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లని విడగొట్టి దాచేది. అక్కడి నుంచి లినక్స్‌కి వచ్చిన ఫైల్ లిస్ట్‌లో కనిపిస్తుంది, లింక్ నొక్కితే 404. ఇంకో దొంగ, జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే అక్షరాలు కలవకుండా ఆపే కనపడని క్యారెక్టర్. హైదరాబాద్‌లో అని టైప్ చేసి, చివరి లో మాత్రం చెరిపేస్తే, పొల్లు తర్వాత ఆ కనపడని క్యారెక్టర్ అక్కడే ఉండిపోతుంది. పేరుని బైట్లు చూపించే హెక్స్‌డంప్‌లోకి పంపి చూస్తేనే బయటపడుతుంది.

అపోహ: డేటాబేస్‌లో లోకల్‌హోస్ట్ అన్న చోటల్లా డొమైన్ పేరు పెట్టేస్తే వర్డ్‌ప్రెస్ మూవ్ అయిపోయినట్టే.

డేటాబేస్‌ని దించిన ఎస్‌క్యూఎల్ ఫైల్‌ని ఎడిటర్‌లో తెరిచి రీప్లేస్ ఆల్ కొడతారు. సైట్ తెరుచుకుంటుంది, విడ్జెట్లు, థీమ్ సెట్టింగ్‌లు మాయం. కారణం, వాటిలో చాలావాటిని వర్డ్‌ప్రెస్ సీరియలైజ్ చేసి దాస్తుంది, ప్రతి స్ట్రింగ్ ముందు దాని పొడవు రాసి ఉంటుంది. అడ్రస్ పొడవు మారి పక్కన అంకె పాతదే ఉంటే పీహెచ్‌పీ ఆ మొత్తాన్నీ తిప్పికొడుతుంది. వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ టూల్ డబ్ల్యుపీ సీఎల్‌ఐలో సెర్చ్ రీప్లేస్ కమాండ్ ఆ అంకెల్ని కూడా సరిచేస్తుంది, ముందు డ్రై రన్ (ఏదీ మార్చకుండా చూపించేది) పెట్టి చూడండి.

అపోహ: "నో సచ్ ఫైల్" అన్నాడంటే ఆ ఫైల్ లేనట్టే.

విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్‌ని లైవ్‌లో నడిపితే, కళ్లెదుట ఉన్న ఫైల్‌కి కూడా ఇదే మాట వస్తుంది. అది లేదంటున్నది మీ స్క్రిప్ట్‌ని కాదు, మొదటి లైన్‌లో రాసిన బ్యాష్‌ని (స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్), ఎందుకంటే లైన్ చివర విండోస్ వదిలిన సీఆర్ అనే కనపడని క్యారెక్టర్‌ని కూడా కలిపి పేరుగా చదివింది. డాస్2యునిక్స్ కొడితే పోతుంది.

అపోహ: సరిచేశాక కూడా పాతదే కనిపిస్తే సరిచేసింది తప్పే.

బ్రౌజర్ 301 రీడైరెక్ట్‌ని (అడ్రస్ శాశ్వతంగా మారిందన్న జవాబు) గుర్తు పెట్టుకుంటుంది, మధ్యలో సీడీఎన్ (ఫైళ్ల కాపీలు దాచి ఇచ్చే సర్వర్లు) ఉంటే అది 404ని కూడా కాసేపు దాచుకోవచ్చు. టెర్మినల్‌లో కర్ల్ కమాండ్‌కి హైఫన్ క్యాపిటల్ ఐ పెట్టి ఆ యూఆర్‌ఎల్ కొట్టండి, బ్రౌజర్ పక్కకి తప్పుకుంటుంది. అక్కడ 200 (దొరికిందన్న జవాబు) వచ్చి బ్రౌజర్‌లో రాకపోతే కోడ్ ముట్టుకోకండి.